ఫోటోలో కోటు నాది కాదు

కోబర్గ్, మెల్‌బోర్న్
జులై నెల, ఆదివారం ఉదయం

అక్కా,

నీ చెల్లెలు వాసంతి నమస్కారాలు. నేను ఇక్కడ క్షేమంగానే ఉన్నాను. బాపట్లలో నువ్వూ, బావగారూ, చిట్టీ, చీరాలలో అమ్మా నాన్నా అందరూ బాగున్నారని నీ ఉత్తరంలో చదివి స్థిమితపడ్డాను. చిట్టికి ముందు పళ్ళు రెండూ ఊడిపోయాయన్నావు, ఇప్పుడు దాని మాటలు ఎలా వస్తున్నాయి? అమ్మ మోకాలికి కొత్త డాక్టరు ఇచ్చిన మందు పనిచేసిందా? నాన్న కళ్ళజోడు మార్పించుకున్నారా, లేక ఇంకా ఆ దారం కట్టిన దాంతోనే కొట్టులో బట్ట కొలుస్తున్నారా? అన్నీ వివరంగా రాయి. నువ్వు బడిలో పిల్లల నోటుపుస్తకాలు దిద్దినట్టు నేను నీ ఉత్తరంలో ఒక్క మాట కూడా వదలకుండా చదువుతాను.

ఇక్కడ జులై అంటే చలికాలం. ఈ సంగతి నీ బడి పిల్లలకు చెప్పు, నమ్మరు. పొద్దున లేచేసరికి పెరట్లో గడ్డి మీద తెల్లగా, గట్టిగా మంచు పేరుకుని ఉంటుంది. నేను ఒక చిన్న పుస్తకం పెట్టుకుని విన్న కొత్త మాటలన్నీ అందులో రాసుకుంటున్నాను. గడ్డి మీద పేరుకునే మంచుకు వీళ్ళకు ఒక మాట, గాలిలో తేలే మంచుకు ఇంకొక మాట, కొండల మీద కురిసేదానికి వేరొకటి. మనకు మూడూ మంచే. అదే మనకు పెద్దమ్మ వేరు, పిన్ని వేరు, మేనత్త వేరు. వాళ్ళకు ముగ్గురికీ కలిపి ఒకే మాట. ఎవరికి ఏది ఎక్కువ అవసరమో దానికి ఎక్కువ మాటలు పుడతాయేమో. ఇది నా సొంత ఆలోచన. తప్పైతే నీలోనే ఉంచుకో.

చదువు బాగా సాగుతోంది. పరీక్షలు నాలుగూ బాగా రాశాను. సంవత్సరం మారగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయన్నారు కదా, ఆగాయా అని నాన్న అడిగారన్నావు. ఏవీ ఆగలేదు. వాటిని బాగుచెయ్యడానికి వచ్చిన మన సీనియర్లలో కొంతమందికి మాత్రం ఆ పని అయిపోయింది. వాళ్ళు కూడా ఇప్పుడు మాతో పాటు లైబ్రరీలో కూర్చుని జావా చదువుతున్నారు. అయినా ఉద్యోగాలకు లోటు లేదంటున్నారు, ఆ విషయంలో దిగులు పడవద్దని నాన్నకు చెప్పు. శని, ఆదివారాల్లో ఒక లెబనాన్ వాళ్ళ రొట్టెల కొట్టులో పని చేస్తున్నాను. ఇవాళ మధ్యాహ్నం నుంచి పని. వేడివేడి రొట్టెలు మూటగట్టడం, బల్ల తుడవడం, అంతే. కొట్టంతా పొయ్యి వేడి, అందువల్ల వారంలో రెండు రోజులు నాకు చలి లేదు. భోజనానికి ఏ లోటూ లేదు. నువ్వు పంపిన కందిపొడి ఇంకా ఉంది, పొదుపుగా వాడుతున్నాను. ఒంటరిగా ఉన్నానేమో అని బెంగపడకు. మా ఇంట్లో నాతో పాటు వరంగల్లు అమ్మాయి స్వరూప ఉంటుంది.

ఇంక ఉత్తరం రాస్తున్న అసలు సంగతి. నేను పంపిన ఫోటో అందిందని, చూసి అమ్మ దిష్టి తీయమందని, నాన్న దాన్ని కొట్టుకు తీసుకెళ్ళి షావుకారుగారి బల్ల మీద అద్దం కింద పెట్టించారని రాశావు. వచ్చిన వాళ్ళందరికీ మా రెండో అమ్మాయి, ఆ కోటు ఆస్ట్రేలియాలో కొనుక్కుంది అని చూపిస్తున్నారని రాశావు. నీకు కూడా ఆ కోటు ఎంతో నచ్చిందని, నీ చెల్లెలు దొరసానిలా ఉందని, చూస్తే కొంచెం అసూయ పుట్టిందని నవ్వుతూ రాశావు. ఆ మాట చదివి రెండు వారాలైంది. ఇప్పటికి మూడుసార్లు జవాబు మొదలుపెట్టి చింపేశాను.

అక్కా, ఫోటోలో కోటు నాది కాదు. అది స్వరూపది. ఇప్పుడది ఎవరూ వేసుకునే స్థితిలో లేదు. దానికి కారణం నేను. మొదటినుంచీ చెబుతాను, కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదువు.

మా వీధి చివర ట్రాము ఆగేచోట ఒక కొట్టు ఉంది. ఇలాంటి వాటిని ఇక్కడ ఆప్ షాపు అంటారు. ఊళ్ళోవాళ్ళు తమకు అక్కర్లేని బట్టలు, గిన్నెలు, పుస్తకాలు అక్కడ ఉచితంగా ఇచ్చి వెళతారు. వాటిని అమ్మి వచ్చిన డబ్బు పేదవాళ్ళకు వెళుతుంది. మన వీధిలోకి పాత బట్టలకు స్టీలు సామాను వేస్తానంటూ ఒకామె వచ్చేది కదా, ఆమె మూటలన్నీ ఒక పెద్ద గదిలో విప్పి, ఇస్త్రీ చేసి, వరసగా తగిలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. లోపలికి వెళ్ళగానే కలరా ఉండల వాసన, ఎవరెవరివో ఇళ్ళ వాసన. నేను పుస్తకాల కోసం వెళ్ళేదాన్ని.

చలి మొదలైన రోజుల్లో ఒక గురువారం అక్కడ ఆ కోటు కనిపించింది. వేయించిన చింతగింజల రంగు. మోకాళ్ళ దాకా పొడవు. నాన్న నేర్పినట్టు కళ్ళు మూసుకుని చేత్తో చూశాను. వేళ్ళు మొదలంటా లోపలికి దిగిపోయాయి. బొచ్చు కోటు అని తెలుగులో రాస్తుంటే తిట్టులా ఉంది, ఇంకో మాట దొరకడం లేదు. కుందేలు తోళ్ళు కలిపి కుట్టినది. లోపల పట్టులాంటి అస్తరు, దాని మీద దారంతో కుట్టిన రెండు ఇంగ్లీషు అక్షరాలు, ఎం, కె అని.

ఆ కొట్టులో జీతం లేకుండా పనిచేసే మార్గరెట్ అనే ముసలామె నా పక్కకు వచ్చి నిలబడింది. ఇక్కడి ముసలివాళ్ళు ముక్కూమొహం తెలియని వాళ్ళను కూడా ‘లవ్’ అని పిలుస్తారు, మొదట్లో నాకు సిగ్గేసేది. నేను కోటును నిమరడం ఆమె కాసేపు చూసింది. ఒకప్పుడు ఆడవాళ్ళు ఇలాంటి దానికోసం ఏళ్ళ తరబడి కలలు కనేవారని, ఇప్పుడు కుర్రవాళ్ళు దీన్ని చూస్తేనే ముఖం తిప్పుకుంటారని, జంతువులను చంపి వేసుకోవడం సిగ్గుమాలిన పని అంటారని చెప్పింది. అందుకే ఇవన్నీ ఒక్కొక్కటే కొట్టుకు వచ్చి చేరుతున్నాయట. తర్వాత నా చేయి పట్టుకుని ఒక మాట అంది.

“ఒక్కటి గుర్తుంచుకో, లవ్. దీన్ని ఎప్పుడూ నీళ్ళలో ముంచకూడదు. వాన చినుకులు పడితే దులిపేయి, అంతే. లోపల ఉన్నది తోలు. తడిస్తే అట్టలా బిగుసుకుపోయి చిరిగిపోతుంది.”

ఆ తోలుకు ఆమె వాడిన మాట నాకు కొత్త. ఇంటికి వచ్చి నా పుస్తకంలో రాసుకున్నాను. దాని పక్కన అర్థం రాశాను. అర్థం పక్కన, నీళ్ళు తగలకూడదు, అని కూడా రాశాను. ఇది గుర్తుంచుకో అక్కా, తర్వాత పనికొస్తుంది.

అప్పుడే ఎందుకు కొనలేదని అడుగుతావు. నీ మీద నిష్ఠూరంగా రాయడం లేదు గానీ, నా పద్దెనిమిదో ఏడు వరకు నా ఒంటి మీద పడ్డ ప్రతి గుడ్డా ముందు నీ ఒంటి మీదిదే. నువ్వు పొడుగయ్యావని నీకు కొత్తది, నీ పాతది నాకు సరిపోయిందని నాకు అదే. బట్టల కొట్టు గుమాస్తా కూతురిని, తాను విప్పితే వచ్చే గంజి వాసన తెలిసినదాన్ని, నా కోసం కోసిన కొత్త గుడ్డ మాత్రం ఏ పండక్కో తప్ప చూడలేదు. నువ్వు దీపావళికి కొత్త పరికిణీ కట్టుకుని గిరగిరా తిరుగుతుంటే, నీ నిరుటి పరికిణీలో నిలబడి నేను చప్పట్లు కొట్టేదాన్ని. ఆ చప్పట్లన్నీ నిజం కావు. విమానం ఎక్కేటప్పుడు ఇంక ఎవరూ విడిచిన బట్ట కట్టనని ఒట్టు పెట్టుకున్నాను. ఆ ఒట్టు ఒకవైపు, ఆ కోటు ఒకవైపు. రెండు రోజులు చదువు మీద మనసు పెట్టలేకపోయాను.

శనివారం పనికి వెళ్ళేముందు స్వరూపను వెంటబెట్టుకుని వెళ్ళాను. నా మనసులో ఉన్నది ఏమిటంటే, నేను వద్దంటాను, ఆమె కాదు కాదు నీకు బాగుంటుంది తీసుకో అంటుంది, అప్పుడు ఆమె మాట కాదనలేక తీసుకున్నట్టు తీసుకుంటాను. మన ఇళ్ళల్లో రెండోసారి వడ్డించడానికి వస్తే విస్తరి మీద చేయి అడ్డం పెడతాం కదా, వడ్డించేవాళ్ళు ఆగరని తెలిసి. సరిగ్గా అలాంటి చేయే అడ్డం పెట్టాను. ముఖం చిట్లించి, ఎవరో విడిచినది మనకెందుకులే, అన్నాను.

స్వరూప కోటు తగిలించుకుని అద్దం ముందు నిలబడింది. అది ఆమె కోసమే కుట్టినట్టుంది. “నిజంగ నీకు వద్దా?” అని అడిగింది. వద్దన్నాను. “పక్కానా?” అంది. పక్కా అన్నాను. “మళ్ళ అడుగుతున్న వాసంతీ, నువ్వు చూపిస్తనే నేను చూసిన. తర్వాత ఏడ్వొద్దు,” అంది మూడోసారి. నాకెందుకు ఏడుపు, అన్నాను. ఆ రోజు మార్గరెట్ బిల్లు రాసే బల్ల దగ్గరే ఉంది. కోటు మడత పెడుతూ మా ఇద్దరినీ చూసి నవ్వింది గానీ, నీళ్ళ సంగతి మళ్ళీ చెప్పలేదు. చెప్పేశానని అనుకుని ఉంటుంది.

ఆ రోజునుంచి నా కష్టాలు మొదలయ్యాయి. స్వరూపకు ఒక అలవాటు ఉంది. పొద్దున బయలుదేరేముందు గుమ్మం దగ్గర అద్దం ముందు నిలబడి, నా వైపు తిరిగి, “ఎట్లున్ననే?” అని అడుగుతుంది. వచ్చిన కొత్తలోనే అడిగింది, మానలేదు. ఇద్దరమే ఉన్న ఇల్లు కదా, అడగడానికి ఇంకెవరూ లేరు. కోటు రాకముందు, బాగున్నావులే పద, అనేదాన్ని. కోటు వచ్చాక కూడా అదే అన్నాను, కానీ ఆమె వైపు చూడకుండా అనేదాన్ని. నిజంగానే బాగుండేది. అదే నా బాధ.

యూనివర్సిటీలో అందరూ ఆ కోటు గురించే. కొందరు మెచ్చుకున్నారు, కొందరు ముఖం మాడ్చుకున్నారు, ఎటు చూసినా స్వరూప మాటే. ఒకరోజు ట్రాములో ఎర్ర రంగు జుట్టు అమ్మాయి ఒకతె ఎదురుగా వచ్చి నిలబడి, నీ ఒంటి మీద ఎన్ని కుందేళ్ళు చచ్చాయో లెక్క తెలుసా, అని గట్టిగా అడిగింది. ట్రాములో అందరూ మా వైపు చూశారు. నిజం చెప్పనా, నాకు లోపల సంతోషం వేసింది. ఇప్పుడు తలదించుకుంటుంది, రేపటినుంచి ఆ కోటు అలమరలో పడి ఉంటుంది అనుకున్నాను.

స్వరూప తలదించుకోలేదు. కోపం కూడా తెచ్చుకోలేదు. వాళ్ళది గుడ్డు కూడా ఇంట్లోకి రానివ్వని కుటుంబం. “నేను పుట్టినప్పటినుంచి గుడ్డు కూడా తినలేదు,” అంది తన ఇంగ్లీషులో, నెమ్మదిగా. “ఈ కుందేళ్ళు నేను పుట్టకముందే చచ్చాయి. నీ బూట్లు ఎప్పటివి?”

ఆ అమ్మాయి తన తోలు బూట్ల వైపు చూసుకుంది. అవి కొత్తవి. కాసేపటికి ఆమెకే నవ్వొచ్చింది. స్వరూప పక్కన కూర్చుని, కొత్తవి కొనేవాళ్ళంటేనే తనకు అసలు కోపమని, పాతది వేసుకోవడం తప్పా ఒప్పా అన్నది తమ గుంపులోనే తేలలేదని చెప్పింది. కానీ నిన్ను చూసి ఇంకొకరు కొత్తది కొనరా, అని కూడా అడిగింది. అది నిజమేనని స్వరూప ఒప్పుకుంది. ఊళ్ళోకి వెళ్ళేదాకా వాళ్ళిద్దరూ ఆగకుండా మాట్లాడుకున్నారు. దిగేటప్పుడు ఆ అమ్మాయి తన ఫోను నంబరు స్వరూప చేతి మీద రాసి ఇచ్చింది. నేను పక్కనే ఉన్నాను. నా పేరు ఎవరూ అడగలేదు. ఇంత మాటల పిచ్చి ఉన్నదాన్ని, ఆ జవాబు నాకెందుకు తట్టలేదు, ఆమెకెలా తట్టింది అని ఆ రోజంతా కుళ్ళుకున్నాను. ఆ వాక్యాన్ని నా పుస్తకంలో రాసుకుని, మళ్ళీ కొట్టేశాను.

ఆ ఆదివారమే ఫోటో. అడిగింది నేను కాదు. పెరట్లో ఉన్న ఆమె కోటు వైపు నేను కిటికీలోంచి చూడటం గమనించిందేమో, “నువ్వు ఒకసారి ఏసుకో, మీ అక్కకు ఫోటో పంపుదువు,” అని తనే నా భుజాల మీద కప్పి, పెరట్లో నిమ్మచెట్టు కింద నిలబెట్టి తీసింది. పది నిమిషాలు వేసుకున్నానంతే. దాంతో పాటు ఉత్తరంలో ఇది స్వరూప కోటు అని ఒక్క మాట రాసి ఉంటే సరిపోయేది. నేను రాయలేదు. కొన్నానని కూడా రాయలేదు. ‘ఇక్కడి చలికి ఇలాంటివి వేసుకుంటారు’ అని రాశాను. చూశావా, అబద్ధం ఒక్కటీ లేకుండా ఎంత జాగ్రత్తగా కూర్చానో.

ఫోటో పంపిన మూడు వారాలకు స్వరూప వాళ్ళ అమ్మగారితో ఫోనులో కోటు సంగతి చెప్పింది. ఆవిడ అటునుంచి కంగారుపడ్డారు. ఎవరు కట్టి విడిచిందో, వాళ్ళు ఉన్నారో పోయారో, మైల బట్ట అలాగే ఎలా వేసుకుని తిరుగుతున్నావు, ముందు నీళ్ళల్లో తడిపి ఆరేసి, పసుపు బొట్టు పెట్టి అప్పుడు వేసుకో అన్నారు. మన అమ్మ అయినా అదే చెప్పేది కదా. స్వరూప ఫోను పెట్టేసి నా దగ్గరికి వచ్చింది.

“అమ్మ తడిపి ఆరెయ్యమంటున్నది. నువ్వు బట్టల కొట్టు ఇంటి పిల్లవు గదనే, నీకు తెలుస్తది. దీన్ని తడపొచ్చంటవా?”

అక్కా, నేను అప్పుడు చదువుకుంటున్నాను. నా మాటల పుస్తకం నా మోచేతి కిందే ఉంది. మార్గరెట్ చెప్పింది అందులో నా చేతిరాతలోనే ఉంది. తల ఎత్తకుండా అన్నాను:

“మీ అమ్మగారు చెప్పారుగా. ఆవిడ చెప్పినట్టే చెయ్యి.”

మర్నాడు శనివారం. నేను రొట్టెల కొట్టుకు బయలుదేరుతుంటే స్వరూప స్నానాల తొట్టిలో నీళ్ళు పడుతోంది. కొట్టులో గోడకు ఫోను ఉంది. యజమాని వాడుకోవద్దని ఎప్పుడూ అనలేదు. పిండి అంటిన ఆ ఫోనును ఆ రోజు రెండుసార్లు శుభ్రంగా తుడిచాను. ఇంటి నంబరు నాకు కంఠతా వచ్చు. రెండుసార్లూ తుడిచి బట్ట పక్కన పెట్టాను.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కోటు పెరట్లో తీగ మీద వేలాడుతోంది, తడిసిన కుక్కలాగా, ఉన్నదానికన్నా సగమై. నాలుగు రోజులు ఆరింది. ఆరేకొద్దీ బిగుసుకుంది. ఐదో రోజు స్వరూప చేతులు దూర్చి భుజాలు సర్దుకునేసరికి వీపు మీద అడ్డంగా, ఎండిన అరిటాకు చిరిగినట్టు చిరిగింది. ఇంకోసారి కదిలితే చంక దగ్గర. ఆమె ఏడవలేదు. కోటు విప్పి మంచం మీద పరిచి, చిరిగిన రెండు అంచులనూ వేళ్ళతో దగ్గరకు చేర్చి చాలాసేపు అలా పట్టుకుని కూర్చుంది. కాలరు లోపల ఆమె పెట్టిన పసుపు బొట్టు మాత్రం చక్కగా ఉంది.

మాటలంటే ఇష్టం కదా, అప్పుడు నాలో ఉన్నదానికి పేరు వెతికాను. ఈర్ష్య, అసూయ, మత్సరం, ఓర్వలేనితనం, కడుపుమంట. మంచుకు ఒకటే మాట ఉన్న భాషలో దీనికి ఇన్ని ఉన్నాయి. చివరికి కుళ్ళు అన్నదే సరైనదనిపించింది. అది లోపల మొదలవుతుంది, పైకి చాలా రోజులు బాగానే కనిపిస్తుంది.

కుట్టించడానికి వీలవుతుందేమో కనుక్కుందామని స్వరూప ఆ కోటును సంచిలో పెట్టుకుని మార్గరెట్ దగ్గరికి బయలుదేరింది. నన్ను తోడు రమ్మంది. రాను అనడానికి సాకు దొరకలేదు. మార్గరెట్ కోటును బల్ల మీద పరిచి, అస్తరు తిప్పి, చిరుగు చుట్టూ వేళ్ళతో తడిమింది. ఇది ఇంక బాగుపడదు అంది. తర్వాత తల ఎత్తి స్వరూప వైపు, నా వైపు కాదు, స్వరూప వైపు చూసింది.

“నీకు చెప్పాను కదా, లవ్. నీళ్ళలో ముంచవద్దని నీ చేయి పట్టుకుని మరీ చెప్పాను.”

ఆమెకు మేమిద్దరం ఒకేలా కనిపిస్తాం. ఇద్దరం నల్ల జడల వాళ్ళం, ఇద్దరం ఇండియా వాళ్ళం. కొన్న అమ్మాయికే చెప్పానని ఆమె నమ్మకం. స్వరూప ముందు అర్థం కానట్టు చూసింది. ఎవరూ తన చేయి పట్టుకోలేదు, ఎవరూ ఏమీ చెప్పలేదు. తర్వాత మెల్లగా నా వైపు తిరిగింది. నేను పాత పుస్తకాల వరస వైపు చూస్తున్నాను. నా ముఖం నాకు కనిపించలేదు, ఆమెకు కనిపించింది.

“అవును,” అంది మార్గరెట్‌తో. “చెప్పారు. నేనే మరిచిపోయాను. క్షమించండి.”

అక్కా, ఇప్పుడు రాయబోయేది అన్నిటికన్నా కష్టమైన మాట. ఆ క్షణంలో నాకు సిగ్గు వెయ్యడానికన్నా ముందు కుళ్ళే వచ్చింది. ఆ మంచితనం ఆమెకు అంత తేలిగ్గా ఎలా వచ్చింది, నాకెందుకు రాదు అని. కోటు పోయింది, ఇంక కుళ్ళుకోవడానికి ఏమీ లేదు అనుకున్నాను. ఉంది.

తిరిగి వస్తుంటే రోడ్డు దాటే చోట ఎర్రదీపం దగ్గర ఆగాం. స్వరూప ఎదురుగా చూస్తూనే అంది.

“ఆమె నాకు చెప్పలే. నీకు చెప్పింది.”

“అవును,” అన్నాను.

దీపం మారింది. ఆమె వెంటనే కదలలేదు.

“మూడుసార్లు అడిగిన గదనే నిన్ను.”

అంతే. ఇంటికి వచ్చి ఇద్దరికీ అన్నం వండింది. చారు పెట్టింది. నా పళ్ళెంలో వడ్డించేటప్పుడు ఇంకా కావాలా అని ఒకసారి అడిగి, చాలు అన్నాక ఆగిపోయింది.

నేను ఊరుకోలేదక్కా, ఇది నన్ను మెచ్చుకోమని చెప్పడం లేదు. మొన్న గురువారం ఒక్కదాన్నే మార్గరెట్ దగ్గరికి వెళ్ళి, మీరు చెప్పింది నాకు, ఆ అమ్మాయికి కాదు, తెలిసీ నేను చెప్పలేదు అని చెప్పేశాను. ఆమె మడతపెడుతున్న చొక్కాను బల్ల మీద పెట్టి నా వైపు తిరిగింది. నీ పేరేమిటి అని మొదటిసారి అడిగింది. రెండుసార్లు పలికించుకుని నేర్చుకుంది. తర్వాత చెప్పింది, అస్తరు మీద కుట్టిన ఆ రెండు అక్షరాలు తన పేరేనట. ఆ కోటు ఆమెదే.

వాళ్ళాయనకు ఫ్యాక్టరీలో ఫోర్‌మన్ పని దొరికిన ఏడు కొనిపెట్టాడట. చర్చికి, పెళ్ళిళ్ళకు వేసుకునేదట. కొన్నేళ్ళ తర్వాత కాలం మారింది. ఒకరోజు నడివీధిలో ఎవరో ఆమెను హంతకురాలా అని అరిచారు. సొంత మనవరాలు, ఆ కోటు ఉన్న ఇంటికి నేను రాను అంది, రెండేళ్ళు రాలేదు. వాళ్ళాయన పోయాక, అలమరలో దాని పక్కన తన బట్టలు తగిలించలేక, ఎవరికీ చెప్పకుండా తెచ్చి కొట్టులో పెట్టిందట. పారెయ్యడానికి మనసు రాలేదు, వేసుకోవడానికి ధైర్యం రాలేదు అంది.

“నీ స్నేహితురాలు దాన్ని వేసుకుని అద్దంలో చూసుకుంటుంటే నాకూ కళ్ళు మండాయి, వాసంతీ. ఆ వయసు, ఆ నిటారు వీపు. నా కోటు ఆమెకు నాకన్నా బాగుంది,” అంది. చొక్కా మళ్ళీ చేతిలోకి తీసుకుని, “కానీ నేను నీళ్ళ సంగతి దాచలేదు కదా,” అంది.

కోపంగా అనలేదు. అందుకే నా తల ఇంకా పైకి లేవడం లేదు. గురువారాలు మూటలు విప్పి బట్టలు వేరుచేసే పనికి మనిషి కావాలంది. వస్తానన్నాను. ఇంక వారానికి ఒకరోజు ఊరందరూ విడిచిన బట్టల మధ్య నిలబడతాను.

వచ్చి స్వరూపకు చెప్పాను, మార్గరెట్‌కు నిజం చెప్పానని. “మంచిది,” అంది. ఆ కోటు ఆమెదేనని కూడా చెప్పాను. అప్పుడు మాత్రం చేతిలో ఉన్న పుస్తకం మూసి పక్కన పెట్టింది. మేము మాట్లాడుకోవడం లేదని అనుకోకు. కూరగాయలు ఏం తేవాలి, కరెంటు బిల్లు వచ్చిందా, అన్నీ మామూలుగానే మాట్లాడుతుంది. పలచటి జిప్పు జాకెట్టు వేసుకుని చలిలో వెళుతుంది. నా స్వెట్టరు ఇస్తానంటే నాకుంది అంటుంది.

ఇంతసేపూ నేను ఈ ఉత్తరం రాస్తుంటే ఆమె బయటికి తయారవుతోంది. ఇప్పుడే గుమ్మం దగ్గర అద్దం ముందు నిలబడి జాకెట్టు సర్దుకుంది, జడ వెనక్కి వేసుకుంది. నేను కలం ఆపి తల ఎత్తాను. ఎట్లున్ననే అని అడుగుతుందేమో, అడిగితే ఈసారి నిజంగా చెబుదామని. ఆమె అద్దంలో తనను తాను ఒకసారి చూసుకుని, తాళంచెవి తీసుకుని, పోయొస్తా అని వెళ్ళిపోయింది. ఆ ప్రశ్న వినక నేటికి పద్దెనిమిది రోజులు.

నాకు ఒక్క పని చేసిపెట్టు. ఈ ఉత్తరం అందాక చీరాల వెళ్ళినప్పుడు నాన్నను అడిగి ఆ ఫోటోను అద్దం కిందనుంచి తీయించు. చింపవద్దు. దాని వెనక, నల్లబల్ల మీద రాసే నీ గుండ్రటి అక్షరాలతో, ‘కోటు స్వరూపది’ అని రాసి, మళ్ళీ అక్కడే పెట్టించు. ఎవరైనా మెచ్చుకుంటే వెనక్కి తిప్పి చూపించమని నాన్నతో చెప్పు. ఎందుకని అడిగితే ఈ ఉత్తరం చదివి వినిపించు. బట్ట గురించి తెలిసిన మనిషి, ఆయన దగ్గర దాచి లాభం లేదు. నీ ఉత్తరంలో కొని పంపుతానన్న కొత్త శాలువా ఇప్పుడు వద్దు, నిజంగానే వద్దు. ఈ మాటకు మళ్ళీ మళ్ళీ అడగకు.

అమ్మానాన్నల పాదాలకు, బావగారికి నా నమస్కారాలు. చిట్టికి ముద్దులు. పళ్ళు వచ్చేలోపు ఒక ఫోటో తీయించి పంపు. పక్కింటి పిన్నిగారికి అడిగానని చెప్పు. మీ అందరి దీవెనలు అడగడానికి ఈసారి మొహం చెల్లడం లేదు, అయినా అడుగుతున్నాను. నేను బాగానే ఉన్నాను, బాగా తింటున్నాను, దిగులు పడవద్దు. వెంటనే జవాబు రాయి. అందులో తిట్లు ఉన్నా సరే, ఒక్క మాట కూడా వదలకుండా చదువుతాను.

నీ పరికిణీలన్నీ కట్టి పెరిగిన నీ చెల్లెలు,
వాసంతి